పిల్లవాడికి వాక్యంలో చోటివ్వండి

టీచర్ గారూ, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ హైస్కూల్ పత్రిక కోసం, ఎనిమిదో తరగతి పిల్లలు చదవడానికి, భూగర్భ జలాల మీద ఒక వ్యాసం రాశారు. శిక్షణలో చెప్పిన మెళకువలన్నీ వాడారు. పోలికలు పెట్టారు, ప్రశ్నలు వేశారు, అంత్యప్రాసలు కలిపారు. తరగతిలో చదివి వినిపిస్తే రెండో పేరాకే పిల్లలు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. విద్యార్థులను చదివించడానికి రచయితలు భాషను నిజంగా ఎలా వాడతారు, నేనెక్కడ తప్పాను అని అడిగారు.

నేను 30 ఏళ్లకు పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పాను. ఉపవాచకాలు, సైన్సు కరపత్రాలు రాసే వర్క్‌షాపుల్లో చాలాసార్లు కూర్చున్నాను. రాసినవాటిని పిల్లల ముందు చదివి, చాలా వాటిని చింపేశాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మీ మొదటి వాక్యం ఇది: "భూగర్భ జలాలు మానవాళికి ప్రకృతి ప్రసాదించిన అమూల్యమైన వరం." తప్పు లేదు, వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ ఈ వాక్యంలో ఎవరెవరు ఉన్నారో చూడండి. ప్రకృతి ఉంది, మానవాళి ఉంది. ఎనిమిదో తరగతి పిల్ల లేదు. ఆమె చేయాల్సిన పనీ లేదు, చూడాల్సిన వస్తువూ లేదు. ప్రకృతి మానవాళికి ఏదో ఇచ్చింది, వాళ్లిద్దరి మధ్య వ్యవహారం. ఆ పిల్ల కిటికీలోంచి చూడటంలో ఆశ్చర్యం ఏముంది?

నాకు తెలిసిన అసలు మెళకువ ఒక్కటే: చదివే పిల్లకు వాక్యంలో చోటివ్వడం. ఉపమానం, ప్రాస, ప్రశ్న అన్నీ ఆ చోటు ఉన్నప్పుడే పనిచేస్తాయి. లేకపోతే ఎవరూ రాని ఇంటికి కట్టిన మామిడాకుల్లా వేలాడుతుంటాయి.

ఈ చోటు ఇవ్వడానికి తెలుగులో మంచి వసతులున్నాయి. మనం వాటిని వాడం. ఎందుకంటే మెళకువల జాబితాలను ఇంగ్లీషు పుస్తకాల నుంచి తెచ్చుకున్నాం. ఇంగ్లీషులో లేని సౌకర్యాలు ఆ జాబితాల్లో ఉండవు కదా.

మొదటిది "మనం". వినేవాళ్లను కలుపుకుంటే మనం, బయట ఉంచితే మేము. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట, హిందీలో కూడా అంతే. తెలుగు రచయిత ఒక్క మాటతో పిల్లను పక్కన కూర్చోబెట్టుకోగలడు. "ఈ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో మనం వెతుకుదాం" అనగానే వెతికేవాళ్లు ఇద్దరయ్యారు. ఆ "దాం" అనే తోకలో ఎంత స్నేహం ఉందో చూడండి.

అయితే ఇదే మాట గాయం కూడా చేస్తుంది. అది నేను కష్టంగా నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట నీటి పొదుపు మీద ఒక పాఠం రాశాను. "మనం రోజూ ఎంతో నీటిని వృథా చేస్తున్నాం. పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయడం లేదు" అని మొదలుపెట్టాను. చదవడం అయ్యాక రెండో బెంచీ అమ్మాయి లేచి, "సార్, మా ఇంట్లో కుళాయి లేదు. పొద్దున బోరింగు దగ్గర మూడు బిందెలు కొట్టుకొస్తాను. మేం వృథా చేయడానికి నీళ్లుండవు" అంది. కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. నా "మనం"లో ఆమె లేదు. పైగా ఆమె చేయని తప్పును ఆమె నెత్తిన పెట్టాను. ఆ మూడు బిందెలు మోసిన పిల్లకు నీటి గురించి నాకంటే ఎక్కువే తెలుసు. అప్పటి నుంచి "మనం" రాసిన ప్రతిసారీ ఆగి, ఇందులో ఎవరెవరున్నారు అని లెక్కపెట్టుకుంటాను. వెతకడంలో, ఆశ్చర్యపోవడంలో, లెక్క కట్టడంలో "మనం" వాడండి. నింద వేసేటప్పుడు వాడకండి.

రెండోది "నువ్వు". అచ్చులో నువ్వు అనడానికి చాలామంది జంకుతారు. పాత పాఠ్యపుస్తకాల్లో "పరిశీలింపుము", "వ్రాయుము" అని ఉండేది. అది ఎవరూ ఎవరితోనూ మాట్లాడని భాష. నా అభిప్రాయం ఏమిటంటే, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా నువ్వు అనొచ్చు. ఇంట్లో మేనమామ చెప్పినట్టు ఉంటుంది. తొమ్మిది, పది వచ్చేసరికి పిల్లలు తమను పెద్దవాళ్లుగా చూడాలనుకుంటారు, అక్కడ మీరు మంచిది. ఏదైనా సరే, వ్యాసం మొత్తం ఒకటే ఉండాలి. మీ వ్యాసంలో మొదటి పేరాలో "విద్యార్థులు గమనించాలి", మూడో పేరాలో "మీరు చూసే ఉంటారు", చివర్లో "చిన్నారులారా" అని ఉంది. చదివేవాళ్లకు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియకుండా పోయింది.

నువ్వు అనడంలో ఇంకో లాభం ఉంది, దీన్ని తక్కువమంది గమనిస్తారు. తెలుగు క్రియ ప్రథమ పురుషలో ఆడా మగా తేడా చూపిస్తుంది. "చూశాడు" అంటే అబ్బాయి, "చూసింది" అంటే అమ్మాయి. మన పాఠాల్లో ప్రయోగం చేసేది ఎప్పుడూ "ఒక బాలుడు". సగం తరగతి అక్కడే బయట ఉండిపోతుంది. "నువ్వు చూశావు" అన్నప్పుడు ఆ తేడా లేదు. అమ్మాయైనా అబ్బాయైనా ఆ క్రియలోకి అలాగే వచ్చి కూర్చోవచ్చు.

ఇది కొత్తగా కనిపెట్టిన కిటుకేమీ కాదు. భాస్కరాచార్యుడి లీలావతిని చూడండి. 1150 ప్రాంతంలో రాసిన గణిత గ్రంథం అది. అందులో తుమ్మెదల లెక్క ఒకటి ఉంది. ఒక గుంపులోని తుమ్మెదల్లో అయిదో వంతు కడిమి చెట్టు మీద వాలాయి. మూడో వంతు ఇంకో పువ్వు మీదికి వెళ్లాయి. ఈ రెండింటి తేడాకు మూడు రెట్లు కొండమల్లెల వైపు పోయాయి. ఒకే ఒక్క తుమ్మెద మిగిలింది. మొగలి వాసన ఒకవైపు, మాలతి వాసన ఒకవైపు పిలుస్తుంటే ఎటు వెళ్లాలో తెలియక గాలిలో అటూ ఇటూ తిరుగుతోంది. మొత్తం తుమ్మెదలెన్నో చెప్పు!

సమాధానం 15. మూడు, అయిదు, ఆరు కలిపితే పద్నాలుగు, మిగిలింది ఒకటి. భిన్నాల లెక్కగా ఇది ఏడో తరగతి పిల్లలు చేసేదే. కానీ ఆ తిరుగుతున్న ఒక్క తుమ్మెదను చూడండి. సమీకరణంలో అది "1" అంతే. దాన్ని ఎటూ తేల్చుకోలేక గాలిలో తిరిగేలా చేయడం వల్ల, లెక్క తేలేదాకా పిల్ల మనసులో అది వాలదు. ఇక్కడ వర్ణన అలంకారం కాదు, లెక్కలో భాగం. వర్ణనను తీసేస్తే ఆ "1" ఎక్కడిదో గుర్తుండదు. ఇక చివరి మాట "చెప్పు". సంస్కృతంలో "వద". ఎదురుగా ఒక అమ్మాయి కూర్చుని ఉన్నట్టు పిలిచి అడుగుతాడు. పుస్తకం అక్కడితో ఆగుతుంది, పని పాఠకురాలి చేతికొస్తుంది.

తెలుగులో కూడా ఈ దారి పాతదే. పావులూరి మల్లన అనే కవి, మహావీరాచార్యులు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహం అనే లెక్కల పుస్తకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో కావ్యాలు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజుల్లోనే మనవాళ్లు లెక్కలను పద్యంగా చెప్పారన్నమాట. పుస్తకాలు దొరకని కాలంలో లెక్క నోటికి రావాలి, కాబట్టి పద్యం అవసరం. మనకు ఇప్పుడు ఆ అవసరం లేదు. కానీ "చెప్పు" అనే మాట అవసరం ఇంకా ఉంది.

మీ వ్యాసంలో ప్రశ్నలున్నాయి, నిజమే. "నీరు లేకపోతే మన జీవితం ఎలా ఉంటుందో ఊహించారా?" అని అడిగారు. దీనికి పిల్లలు ఏం చెప్పాలి? "ఉండదు సార్" అంటారు. తప్పు చెప్పే అవకాశం లేని ప్రశ్న ప్రశ్నే కాదు. పిల్లలు కాస్త ధైర్యం చేసి, పొరపాటు పడగలిగే ప్రశ్న వేయండి. "నేల కింద నీరు ఎలా ఉంటుందనుకుంటున్నావు? ఏరులా పారుతూనా, చెరువులా నిలిచా?" అనండి. చాలామంది నేల కింద ఒక నది పారుతోందనే అనుకుంటారు. అప్పుడు రచయిత, "నేనూ నీ వయసులో అలాగే అనుకున్నాను" అని రాస్తే, తప్పు సమాధానం చెప్పిన పిల్ల సిగ్గుపడదు, ముందుకు చదువుతుంది. పిల్లలు ఎక్కడ పొరబడతారో ముందే తెలుసుకుని ఆ చోట వాళ్లతో పాటు నిలబడటం నాకు తెలిసి అన్నిటికంటే బలమైన మెళకువ. ఇది పుస్తకాలు చదివితే రాదు, తరగతిలో నిలబడితేనే వస్తుంది. కాబట్టి మీకు వస్తుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసే మాటలు కొన్ని ఉన్నాయి. "మనందరికీ తెలిసిందే", "సులభంగా గ్రహించవచ్చు", "స్పష్టమే కదా". తెలియని పిల్ల ఈ మాట చదివి, అందరికీ తెలిసింది నాకొక్కదానికే తెలియదు అనుకుంటుంది. మీ వ్యాసంలో ఇవి నాలుగు చోట్ల ఉన్నాయి. నాలుగూ కొట్టేయండి, అర్థం ఏమీ పోదు.

ఇప్పుడు కథ సంగతి. పిల్లలకు రాయాలంటే కథ పెట్టాలని అందరూ అంటారు. కానీ కథను ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పరు. పంచతంత్రం చెప్పుకున్నదే విద్యార్థుల కోసం. చదువు అంటని ముగ్గురు రాజకుమారులకు ఆరు నెలల్లో నీతిశాస్త్రం నేర్పుతానని విష్ణుశర్మ మాట ఇచ్చాడు కదా. ఆ పుస్తకంలో కథలు ఎలా మొదలవుతాయో గుర్తు చేసుకోండి. ఒక పాత్ర మాటల్లో, "తనకు సంబంధం లేని పనిలో వేలుపెట్టినవాడు మేకు పీకిన కోతిలా చస్తాడు" అంటుంది. వింటున్న పాత్ర వెంటనే "అదెలాగ?" అంటుంది. అప్పుడు కథ. ముగింపును ముందే చెప్పేశారు, కోతి చచ్చిందని తెలిసిపోయింది. అయినా ఆగలేం. ఎందుకంటే దాచింది ముగింపును కాదు, కారణాన్ని. సైన్సు రాసేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే పాఠం లేదు. మన దగ్గర ఉండేదే కారణాలు.

ఆ "అదెలాగ" అనే ప్రశ్నను రచయిత వేయలేదన్నది కూడా గమనించండి. వినేవాళ్లే అడుగుతారు. వాళ్ల నోట ఆ మాట వచ్చేలా ముందు వాక్యం ఉండాలి.

పరవస్తు చిన్నయసూరి 1853లో ఈ కథల్లో కొన్నింటిని నీతిచంద్రికగా తెచ్చారు. అది గట్టి గ్రాంథికం. ఎన్నో తరాల పిల్లలు ఆ భాషతో కుస్తీ పడుతూ కూడా చదివారు, వాక్యాలు వాక్యాలే నోటికి నేర్చుకున్నారు. అందుకని భాష తేలికైతే చాలు, పిల్లలు చదివేస్తారనే వాదనను నేను ఒప్పుకోను. "అదెలాగ" అనిపించే బిగువు ఉంటే బరువైన భాషనైనా పిల్లలు మోస్తారు. అది లేకపోతే తేలిక భాష కూడా వాళ్లకు బరువే. 1947 జూలైలో మొదలైన చందమామ ఈ రెండింటినీ కలిపింది. భాష తేటగా ఉండేది, బేతాళ కథ చివర ఒక చిక్కు ప్రశ్న ఉండేది. విక్రమార్కుడి జవాబు చదివేముందు పుస్తకం మూసి, మా అన్నయ్యా నేనూ వాదించుకునేవాళ్లం. పేజీ తిప్పకుండా ఆపి వాదించుకునేలా చేయడం ఎంత పెద్ద విజయమో రాయడం మొదలుపెట్టాకే నాకు తెలిసింది.

మీ భూగర్భ జలాల్లో అలాంటి కథ ఉంది. మీరు నాలుగో పేరాలో ఒక ముక్కలో చెప్పి వదిలేశారు: "కొన్ని ప్రాంతాలలో బోరుబావులు విఫలమవుతున్నాయి." ఇదే మొదటి వాక్యం కావాలి, ఇలా: "మా పక్క ఊళ్లో ఒకే చేనులో ఏడు బోర్లు వేశారు. ఆరింట్లో దుమ్ము లేచింది. ఏడోదాంట్లో నీళ్లు పడ్డాయి. ఆరో బోరుకూ ఏడో బోరుకూ మధ్య దూరం ఇరవై అడుగులు." ఇక పిల్లలు "అదెలాగ?" అనకుండా ఉండలేరు. జవాబు మీ దగ్గరుంది. తెలంగాణలో, రాయలసీమలో చాలా చోట్ల కింద ఉన్నది గట్టి రాయి. నీరు పైన చివికి మెత్తబడిన రాతి పొరలో, కింద రాతి పగుళ్లలో మాత్రమే ఉంటుంది. పగులు తగిలితే నీరు, తగలకపోతే దుమ్ము. అదే కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇసుక, ఒండ్రు పొరలు కాబట్టి నీరు పైపైనే తగులుతుంది, కొన్ని చోట్ల ఉప్పగా ఉంటుంది. మీ బడి ఎక్కడుందో దాన్ని బట్టి కథ మారాలి. డెల్టా పిల్లకు రిగ్గు, దుమ్ము అంటే పట్టదు. "మీ ఇంటి పంపు నీరు ఉప్పగా, చేను పంపు నీరు తియ్యగా ఎందుకుంది?" అంటే పడుతుంది.

ఇక్కడే మాటల సంగతి కూడా చెప్పాలి. "బోరుబావులు విఫలమవుతున్నాయి" అని ఎవరూ అనరు. "బోరు ఫెయిలైంది", "నీళ్లు పడలేదు", "రెండించుల నీళ్లు పడ్డాయి" అంటారు. రిగ్గు, కేసింగు, మోటారు అన్నీ ఊళ్లో వాడే మాటలే, వాటిని అచ్చులో పెట్టడానికి సిగ్గుపడకండి. పర్లాకిమిడిలో టీచరుగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి పోరాడింది దీనికోసమే. పిల్లలు మాట్లాడే భాష ఒకటి, బడి పుస్తకం భాష ఇంకొకటి అయితే చదువు ఎలా ఎక్కుతుందని ఆయన అడిగారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. కానీ నాకు ఆయన చేసిన ఇంకో పని ఎక్కువ ఇష్టం. సవరలనే గిరిజనుల పిల్లలకు చదువు చెప్పడానికి ముందు ఆయనే సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు తయారు చేశారు. ముందు టీచరు పిల్లల భాషలోకి వెళ్లాలి, ఆ తర్వాత పిల్లలను మన భాషలోకి పిలవాలి. ఆ వరస ముఖ్యం.

పిలవడం మానేయమని కాదు. పరిభాష కావాలి, పరీక్షలో రాయాలి, పై చదువుల్లో కావాలి. కానీ వస్తువు ముందు, పేరు తర్వాత. కొత్త పాప పుట్టాక పేరు పెడతాం కదా, అలాగే. నేల కింద రాతి పగుళ్లలో నిలిచిన నీటిని చూపించాక, "దీన్నే భూగర్భ జలం అంటారు" అనండి. ఆ మాటను విప్పి కూడా చూపించండి: భూమి గర్భంలో ఉన్న జలం, అంటే నేల కడుపులో నీళ్లు. సంస్కృత సమాసాల్లో చాలా వాటిలో ఇలాంటి బొమ్మ దాక్కుని ఉంటుంది. కిరణజన్య సంయోగక్రియ అనే మాట చూసి నా పిల్లలు భయపడేవాళ్లు. కిరణం వల్ల పుట్టేది కిరణజన్యం, కలిపే పని సంయోగక్రియ, "ఎండ పడితే ఆకులో జరిగే కలిపే పని" అని విప్పాక అదే మాటను ఆటలో కూడా అరిచేవాళ్లు. పిల్లలకు పెద్ద మాటలంటే ఇష్టమే. తాళం మాత్రమే చేతికిచ్చి, తాళంచెవి ఇవ్వకపోతేనే కోపం. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఇంగ్లీషు ఒక పేజీ, తెలుగు ఒక పేజీగా ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పిల్ల చూపు రెండు పేజీల మధ్య తిరుగుతుంది. తెలుగు పేజీ ఇంగ్లీషు పేజీకి నీడలా ఉంటే ఎవరూ ఇటువైపు రారు. ఇటువైపు మాట విప్పి చూపిస్తే ఇంగ్లీషు పదం కూడా ఇక్కడి నుంచే అర్థమవుతుంది.

వాక్యం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ వ్యాసంలో అసలు ఇబ్బంది ఇక్కడే ఎక్కువ. మీ వాక్యం: "వర్షపు నీరు నేలలోని వివిధ పొరల గుండా ప్రయాణించి శిలల మధ్య గల పగుళ్లలో నిల్వ చేయబడి మానవ అవసరాల నిమిత్తం వినియోగించబడుతున్నది." తెలుగులో క్రియ చివర వస్తుంది. ఏం జరిగిందో తెలియాలంటే చివరిదాకా మోయాలి. పదమూడేళ్ల పిల్ల అన్ని పదాలను చేతిలో పట్టుకుని నడవలేదు, మధ్యలో జారవిడుస్తుంది. పైగా రెండు "బడు"లు. నిల్వ చేసిందెవరు, వాడుతోందెవరు? మనిషి మాయమయ్యాడు.

ఇలా రాసి చూడండి: "వాన పడింది. కొంత నీరు వాగులోకి పారిపోయింది. కొంత మట్టిలోకి ఇంకింది. ఇంకిన నీరు కిందికి దిగి, దిగి, దిగి రాయి దగ్గర ఆగింది. రాయికి పగులుందా, అందులోకి జారింది. పగులు లేదా, అక్కడే ఉండిపోయింది."

ఇందులో నేను చేసినవి చెబుతాను. నీటికి క్రియలు ఇచ్చాను: పారిపోయింది, ఇంకింది, ఆగింది, జారింది. ఎప్పుడూ జరిగే దాన్ని ఒకసారి జరిగిన కథలా భూతకాలంలో చెప్పాను. "దిగి" అని మూడుసార్లు అన్నప్పుడు లోతు చెవికి తెలిసింది. ఎన్ని అడుగులో చెప్పకుండానే. "పగులుందా, జారింది" అనే వాక్యం మన ఊరి పెద్దవాళ్లు మాట్లాడే తీరు. అన్నీ పొట్టి వాక్యాలే రాయమని చెప్పడం లేదు. అలా రాస్తే మేకులు కొట్టినట్టు ఉంటుంది. రెండు పొట్టి వాక్యాల తర్వాత "దిగి, ఆగి, జారి" అని అసమాపక క్రియలతో ఒక పొడుగు వాక్యం వస్తే ఊపిరి సరిపోతుంది. మన అమ్మమ్మలు "అలా వెళ్లి, చెట్టెక్కి, చూసి, దిగి" అని చెప్పేది ఈ గొలుసుతోనే. పని వెంట పని జరిగేటప్పుడు ఇది హాయిగా నడుస్తుంది. విశేషణాలను గొలుసు కడితేనే పిల్లలు తట్టుకుని పడతారు.

చెవి మాట వచ్చింది కాబట్టి వేమన దగ్గరికి వెళ్దాం. "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడచూడ రుచుల జాడ వేరు." రెండూ ఇంట్లో ఉండేవే. ఒకటి వంటింట్లో, ఒకటి దేవుడి గూట్లో. రెండూ తెల్లగా ఉంటాయి, పిల్లలు చూసినవే. "చూడచూడ" అన్నప్పుడు కన్ను నెమ్మదిగా దగ్గరికి వెళుతుంది. చూడ, జాడ అని శబ్దం కలవడం వల్ల పాదం నోట్లో నిలిచిపోతుంది. చివర "వినుర" అని పిలుపు. వస్తువు, చూపు, శబ్దం, పిలుపు నాలుగూ ఇంత చిన్న పద్యంలో ఉన్నాయి. మీ ప్రాసతో పోల్చి చూడండి: "నీరే ప్రాణాధారం, అదే జగతికి ఆధారం." శబ్దం కలిసింది, కానీ కనిపించే వస్తువు లేదు. అందుకే నిలవలేదు.

శబ్దానికి తెలుగులో ఇంకో నిధి ఉంది. జలజల, బొటబొట, గలగల, బుడబుడ, సలసల. నీటి ఒక్కో కదలికకు ఒక్కో మాట. "నీరు ప్రవహించింది" అంటే ఏ నీరైనా కావచ్చు. "బొటబొటా కారింది" అంటే చుక్కల సైజు కూడా తెలుస్తుంది. అయితే పేరాకు ఒక్కటి చాలు. పొడుపు కథ కూడా అలాగే, ఒక్కటి సరైన చోట పెడితే పాఠం మొత్తం లేస్తుంది. కన్ను పాఠానికి ముందు "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని బోర్డు మీద రాసి ఊరుకునేవాణ్ని. కనురెప్పలని ఎవరో ఒకరు అరిచేవారు. ఆ తర్వాత, రెప్ప చప్పుడు కాకుండా ఎందుకు మూసుకుంటుంది, కన్నీరు అక్కడేం చేస్తోంది అని పాఠం దానంతట అదే నడిచేది.

అంకెల విషయంలో ఒక్కటే చెబుతాను. మీరు సగటు వర్షపాతాన్ని మిల్లీమీటర్లలో ఇచ్చారు. మిల్లీమీటరు వాన అంటే పిల్లకు ఏమీ కనిపించదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. మీ బడి డాబా 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అనుకుందాం. ఒక సాయంత్రం 10 మిల్లీమీటర్ల వాన పడితే డాబా మీద పడిన నీరు 2000 లీటర్లు. ఇంటికి తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్లు వంద. ఇప్పుడు పిల్ల తలెత్తి డాబా వైపు చూస్తుంది, వంద క్యాన్లు ఎక్కడికి పోయాయని అడుగుతుంది. లెక్క మీరే చేసి చెప్పకండి. డాబా కొలవడానికి టేపు ఇచ్చి, "ఎన్ని క్యాన్లో చెప్పు" అనండి.

కొబ్బరికాయ సంగతి మీరు అడగలేదు, కానీ తరగతిలో తప్పకుండా వస్తుంది. చాలా ఊళ్లలో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, అది నిలబడిన చోట బోరు వేస్తారు. మీ వ్యాసంలో దాన్ని "మూఢనమ్మకం" అని ఒక్క మాటతో కొట్టేశారు. ఆ మాట చదివిన పిల్లల్లో కొందరి నాన్నలు అప్పు చేసి అలాగే బోరు వేయించి ఉంటారు. ఆ పిల్ల మీ వ్యాసం పక్కన నిలబడాలా, నాన్న పక్కన నిలబడాలా? నాన్న పక్కనే నిలబడుతుంది, నిలబడాలి కూడా. ఇక్కడ తెలుగు మనకు "అట" ఇచ్చింది. "కొబ్బరికాయ లేచి నిలబడితే అక్కడ నీళ్లుంటాయట" అనండి. అది నేను చెప్పిన మాట కాదు, విన్న మాట అని ఆ ఒక్క అక్షరం చెబుతుంది. ఎవరినీ నొప్పించదు. తర్వాత పని అప్పగించండి: మీ ఊళ్లో అలా వేసిన బోర్లు ఎన్ని, నీళ్లు పడ్డవెన్ని, ఏమీ చూడకుండా వేసినవెన్ని, పడ్డవెన్ని, రాసుకురా. పిల్లే లెక్క కట్టి తనే తేల్చుకుంటుంది. నమ్మకాన్ని ప్రశ్నించడం నేర్పాలంటే ముందు ఆ పిల్ల ఇంటిని గౌరవించాలి, ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

సినిమా డైలాగులు, ఫోన్‌లో వాడే కొత్త పొట్టి మాటలు పెట్టొచ్చా అని కూడా అడిగారు. వద్దంటాను. పిల్లలు మనల్ని తమలా మాట్లాడమని కోరరు. టెన్షన్, ఛార్జింగ్, లైట్ తీసుకోవడం లాంటివి ఎలాగూ మన నోట కూడా ఉన్నాయి, అవి సహజంగా వస్తే రానివ్వండి. వాళ్ల మాటను అరువు తెచ్చుకుని వేసుకుంటే పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది, ఆ తర్వాత ఏం చెప్పినా నమ్మరు. ఆశ్చర్యార్థకాలు కూడా తగ్గించండి. మీ వ్యాసంలో పదకొండున్నాయి. ఆశ్చర్యం పిల్లలకు కలగాలి, మనం ముందే పడిపోకూడదు.

చివరి పేరా, "కావున విద్యార్థులు నీటిని పొదుపుగా వాడి భావితరాలకు ఆదర్శంగా నిలవాలి", దాన్ని తీసేయండి. ఏడు బోర్ల కథ, వంద క్యాన్ల లెక్క తర్వాత ఆ మాట చెప్పనక్కర లేదు.

కొత్త ప్రతి రాశాక ఇలా చేయండి. మొదటి బెంచీ పిల్లలకు కాదు, చివరి బెంచీలో తెలుగు తడుముకుంటూ చదివే పిల్లకు ఇచ్చి పైకి చదవమనండి. మీరు పక్కన పెన్సిల్‌తో కూర్చోండి. ఆమె ఎక్కడ ఆగి మళ్లీ మొదటి నుంచి అందుకుంటుందో అక్కడ గీత పెట్టండి. అది ఆమె తప్పు కాదు, వాక్యం తప్పు. ఎక్కడ గొంతు మారుతుందో, చదువుతున్నట్టు కాకుండా మాట్లాడుతున్నట్టు వినిపిస్తుందో అక్కడ చుక్క పెట్టండి. చుక్కలున్న వాక్యాలను ముట్టుకోకండి. గీతలున్నవాటిని తిరగరాసి, వారం తర్వాత ఇంకో పిల్లకు ఇవ్వండి. నేను మామూలుగా నాలుగుసార్లు చేసేవాణ్ని. మూడోసారికి సగం గీతలు పోయేవి. ఏడు బోర్ల దగ్గర మాత్రం ముందే చెబుతున్నాను, పిల్ల చదవడం ఆపి మీ వైపు చూసి ఏదో అడుగుతుంది. అప్పుడు పెన్సిల్ పక్కన పెట్టి జవాబు చెప్పండి, వ్యాసం తర్వాత చూసుకోవచ్చు.